మొక్కకి అన్నం వెలుతురు

(బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, అక్కడి తెలుగు కుటుంబాలు ఆదివారం పొద్దున కలుసుకున్నప్పుడు ఇంట్లో మొక్కల పెంపకం మీద చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారమండీ. ముందు ఈ కుండీ సంగతి చూద్దాం. మిగతా మాటలన్నీ దీని వెనకే వస్తాయి. బి బ్లాకు నుంచి ఒక అమ్మాయి పొద్దున్నే తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆంటీ, రోజూ నీళ్ళు పోస్తున్నాను, అయినా వాడిపోతోంది, ఇంకెన్ని పోయాలో చెప్పండి" అంది. పీస్ లిల్లీ ఇది. తెల్లటి దొప్పలాంటి పువ్వు పూస్తుంది, మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. చూడండి, ఆకులన్నీ కుండీ అంచు మీద నుంచి కిందికి వేలాడిపోయాయి. ఎవరు చూసినా దాహం అనే అనుకుంటారు. ఒక్కసారి ఎవరైనా ముందుకొచ్చి మట్టి మీద వేలు పెట్టండి. రా బాబూ, నువ్వు రా. ఎలా ఉంది? తడిగా ఉంది కదా? తడి కాదు, బురద.

ఇప్పుడు దీన్ని కుండీలోంచి తీస్తున్నాను. కింద పేపరు పరిచాను, క్లబ్‌హౌస్ వాళ్ళు కంగారు పడకండి. కుండీని పక్కకి వంచి, చుట్టూ అరచేత్తో నాలుగు దెబ్బలు తట్టి, మొక్క మొదలు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నెమ్మదిగా లాగితే... ఇదిగో, వచ్చేసింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకి వాసన తగిలిందా? మురుగుకాలవ వాసన. మంచి మట్టికి ఈ వాసన ఉండదు, తొలకరి వాన వాసన ఉంటుంది. ఈ వేరు చూడండి. తెల్లగా, గట్టిగా ఉండాల్సింది, కాఫీ రంగుకి తిరిగిపోయింది. వేళ్ళ మధ్య పెట్టి లాగుతున్నాను, చూడండి. పై తొడుగు జారి ఊడొచ్చేసింది, లోపల సన్నటి దారం మిగిలింది. నానబెట్టిన బాదంపప్పు పొట్టు ఊడినట్టు ఊడుతుంది. దీన్నే వేరు కుళ్ళు అంటారు.

జరిగింది ఇదీ. వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయండీ. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, ఆ గాలిలో ఉన్న ఆక్సిజన్ వేళ్ళకి కావాలి. నీళ్ళు పోస్తే ఆ సందులు నిండుతాయి. నీళ్ళు దిగిపోతే మళ్ళీ గాలి వస్తుంది. రోజూ పోస్తూ ఉంటే ఆ గాలి వచ్చే వ్యవధే దొరకదు. వేళ్ళకి ఊపిరాడక చచ్చిపోతాయి, తడిలో బతికే తెగులు క్రిములు వచ్చి మిగిలినవాటిని తినేస్తాయి. చచ్చిపోయిన వేరు నీళ్ళు పైకి పంపలేదు. కుండీ నిండా నీళ్ళున్నా పైన ఆకు వాడిపోతుంది. ఆకు వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. ఈ అమ్మాయి మొక్కని నిర్లక్ష్యం చేయలేదు. రోజూ గుర్తుపెట్టుకుని, ఆఫీసుకి వెళ్ళే హడావుడిలో కూడా పోసింది. నాకు బాధ అక్కడే. ఇంట్లో మొక్కలు పట్టించుకోక చచ్చేవాటికన్నా, ప్రేమగా నీళ్ళు పోసి చంపేవే ఎక్కువ.

దీన్ని చివర్లో మళ్ళీ నాటుదాం. బతికే అవకాశం ఉంది, రెండు మూడు తెల్ల వేళ్ళు కనిపిస్తున్నాయి. పేపర్లో చుట్టి పక్కన పెడుతున్నాను, వేళ్ళకి కాస్త గాలి తగలనీయండి.

నేను పుట్టింది కడియం పక్కనండీ, తూర్పుగోదావరి. కడియం, కడియపులంక అంటే నర్సరీలే కదా. మీరు ఇక్కడ మారతహళ్ళిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో రోడ్డు పక్కన కొనుక్కునే మొక్కల్లో చాలా మటుకు మా వైపు నుంచి లారీల్లో వచ్చినవే. చిన్నప్పుడు స్కూలుకి వెళ్ళే దారి పొడుగునా మొక్కలే. అంటు కట్టేవాళ్ళ చేతులు చూస్తూ పెరిగాను. కాబట్టి మొక్కలు నాకు తెలుసు అనే నమ్మకంతోనే ఈ ఊరు వచ్చాను. ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. ఒంటి బెడ్‌రూము అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. హాల్లో దేవుడి అలమర పక్కన తులసి కోట పెట్టాం. మూడు నెలలకి తులసి ఎండిపోయింది. ఇంకోటి తెచ్చాం, అదీ పోయింది. మూడోది కూడా పోయేసరికి మా అత్తగారు మాట్లాడ్డం మానేశారు. ఇంట్లో తులసి నిలవకపోతే ఆడవాళ్ళ మనసులో ఏమేం మెదులుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడ రోజూ దీపం పెట్టి, చెంబుడు నీళ్ళు పోసి, కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

నాలుగో తులసిని వంటింటి వెనక యుటిలిటీ గ్రిల్‌కి మార్చాను. అక్కడ పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా సూటిగా ఎండ పడుతుంది. అదే మట్టి, అదే కుండీ, అదే ఆవిడ చేతి నీళ్ళు. ఆ తులసి నాలుగేళ్ళు ఉంది. కంకులు వచ్చినప్పుడల్లా తుంచేవాళ్ళం, విత్తనం కట్టనిస్తే తులసి త్వరగా ముసలిదైపోతుంది. ఆ రోజు నాకు అర్థమైందే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను. మొక్కకి అన్నం వెలుతురు. నీళ్ళు అన్నంతో పాటు తాగేవి. ఎంత వెలుతురు తింటే అంత నీళ్ళు తాగుతుంది. అన్నం పెట్టకుండా నీళ్ళు తాగించడమే మనం చేసే తప్పు. కడియంలో రోజూ పోస్తే సరిపోయింది కదా, ఇక్కడెందుకు సరిపోదు అంటే, అక్కడ ఆరుబయట గోదావరి జిల్లా ఎండ ఉంది. హాల్లో సోఫా పక్కన అది లేదు.

వెలుతురు సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం. ఈ హాలు మీ కంటికి వెలుతురుగానే ఉంది కదా? మన కన్ను మనకి నిజం చెప్పదు. చీకటైతే కంటిపాప పెద్దదవుతుంది, ఎండలో చిన్నదవుతుంది, అన్నిచోట్లా మనకి బాగానే కనిపిస్తుంది. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్స్ దాకా ఉంటుంది. బాల్కనీ నీడలో కొన్ని వేలు. కిటికీ పక్కనే అయితే వెయ్యి, రెండు వేలు ఉండొచ్చు. అక్కణ్ణించి నాలుగు అడుగులు లోపలికి వస్తే ఐదారు వందలకి, గది మూలకి వెళ్తే వందకి పడిపోతుంది. లక్షలోంచి వంద. కంచం నిండా తినే మనిషికి రెండు మెతుకులు పెట్టినట్టు. ఫోనులో లక్స్ కొలిచే యాప్‌లు ఉన్నాయి, అంచనాకి పనికొస్తాయి. యాప్ వద్దంటే ఇలా చేయండి. పగలు పన్నెండింటికి, లైటు ఆర్పేసి, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పెట్టి, దాని మీద జానెడు ఎత్తులో చెయ్యి చాపండి. వేళ్ళు విడివిడిగా గీత గీసినట్టు నీడ పడితే మంచి వెలుతురు. చెయ్యి ఆకారం మసకగా తెలుస్తోందంటే మధ్యస్థం, మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ ఇష్టంగా ఉంటాయి. నీడే తెలియలేదంటే అక్కడ జెడ్‌జెడ్ మొక్క, స్నేక్ ప్లాంట్ కూడా పెరగవు, ఓపిక పడతాయంతే. నెలల తరబడి దాచుకున్నది తింటూ ఉంటాయి. "ఏడాదిగా అలాగే ఉందండీ, ఏమీ కాలేదు" అంటారు చూడండి, అది పెరగకపోవడం అన్నమాట.

బెంగళూరు ఎండ గురించి ఒక మాట, ఇది యూరప్‌లో, అమెరికాలో రాసిన పుస్తకాల్లో దొరకదు. వాళ్ళు ఉత్తరపు కిటికీకి ఎండే రాదు అని రాస్తారు. వాళ్ళకి అది నిజం. మనం భూమధ్యరేఖకి 13 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఆ తర్వాత ఉత్తరానికి జరిగి, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో నడినెత్తికి వచ్చి దక్షిణానికి వెళ్తాడు. అంటే ఏడాదిలో దాదాపు నాలుగు నెలలు మన ఉత్తరపు బాల్కనీలకి పొద్దునా సాయంత్రం సూటిగా ఎండ పడుతుంది. డిసెంబరులో దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి బారుగా చొచ్చుకొస్తుంది. డిసెంబరులో ఎండ పడే చోట ఉన్న మొక్కకి జూన్‌లో ఎండ ఉండకపోవచ్చు. మా ఇంట్లో ఒక ఆగ్లోనీమా ఉత్తరపు కిటికీ దగ్గర ఎన్నో నెలలు హాయిగా ఉండి, ఒక మే నెలలో ఆకుల మీద ఇస్త్రీ పెట్టె తగిలినట్టు గోధుమరంగు మచ్చలు తెచ్చుకుంది. తెగులనుకుని మందు కొట్టబోయాను. సాయంత్రం ఐదింటికి కిటికీ దగ్గర నిలబడితే తెలిసింది, ఎండ దాని మీదే పడుతోంది. రెండు అడుగులు పక్కకి జరిపాను, అంతే. కాబట్టి మొక్క కొనేముందు మీ ఇంట్లో ఎండ ఎప్పుడు ఎక్కడికి వస్తుందో రెండు మూడు వారాలు చూడండి. ఆ తర్వాత నర్సరీకి వెళ్ళండి. వెళ్ళాక మాలీని ఒక్క మాట అడగండి, "ఇదక్కె బిసిలు బేకా, నెరళు బేకా?" అని. ఎండ కావాలా, నీడ కావాలా అని. సమాధానం సరిగ్గా చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వారం తిరక్కుండానే ఆకులు రాలుస్తుంది, మనం భయపడిపోతాం. అది గ్రీన్ నెట్ కింద, గాలిలో తేమ మధ్య, మంచి వెలుతురులో పెరిగింది. ఒక్కసారిగా మన హాల్లోకి వచ్చింది. అంత తక్కువ వెలుతురులో అన్ని ఆకుల్ని పోషించలేక కొన్నిటిని వదులుకుంటుంది. ఇక్కడి లాల్‌బాగ్ తోటని 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, తర్వాత టిప్పు కాలంలో దూర దేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించారు. పరాయి నేల మొక్కకి ఈ నేల అలవాటు చేయడం ఆ తోట తరతరాలుగా చేసిన పని. మన ఇంట్లో అదే పని చిన్నగా చేయాలి. తెచ్చిన మొక్కని పది రోజులు బాల్కనీ నీడలో, మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి. పురుగులేమైనా ఉంటే అక్కడే బయటపడతాయి. తెచ్చిన రోజే కుండీ మార్చకండి. ఇల్లు మారిన రోజే బడి కూడా మార్చేస్తే పిల్లవాడు ఏమైపోతాడు?

ఇక నీళ్ళు. 2024 మార్చి అందరికీ గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం ఎదురుచూసిన వేసవి. తాగేనీళ్ళు తోటలకి, కార్లు కడగడానికి వాడితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి వాళ్ళు ప్రకటించారు. నా దగ్గర అప్పటికి నలభై పైగా కుండీలు ఉన్నాయి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్‌లో పోగుచేసి, అవే పోసేదాన్ని. ముందు బాల్కనీలో ఎండలో ఉన్నవాటికి ఇచ్చేదాన్ని, కరివేపాకు, మందారం, తులసి. అవి ఒక్కరోజు కూడా ఆగలేవు. మిగిలితేనే లోపలి మొక్కలకి. లోపల కొన్నిటికి పది రోజులకి, కొన్నిటికి పదిహేను రోజులకి గానీ వంతు రాలేదు. మే నెలలో వానలు పడేసరికి చూస్తే, బయటి మొక్కలు సగం చిక్కిపోయాయి, రెండు మందారాలు పోయాయి. లోపలి మొక్కలు మాత్రం అంతకు ముందుకన్నా బాగున్నాయి. జెడ్‌జెడ్ మొక్క మూడు కొత్త కొమ్మలు వేసింది! అన్నేళ్ళు నేను వాటికి రెట్టింపు పోస్తున్నానని ఆ వేసవి చెప్పింది.

కాబట్టి వారానికి ఎన్నిసార్లు అని నన్ను అడగకండి, చెప్పలేను. ఎవరు చెప్పినా నమ్మకండి. అదే మొక్క కిటికీ దగ్గర నాలుగు రోజులకి అడుగుతుంది, గది మూల పన్నెండు రోజులకి అడుగుతుంది. జూలైలో ముసురు పట్టినప్పుడు ఇంకా ఆలస్యంగా అడుగుతుంది. అగరుబత్తి కాలిపోయాక పుల్ల మిగులుతుంది చూడండి, దాన్ని పారేయకండి. మట్టిలోకి వేలెడు లోతు గుచ్చి, ఐదు నిమిషాలుంచి తీయండి. పుల్ల నల్లబడి మట్టి అంటుకుని వస్తే ఈరోజు పోయక్కర్లేదు. పొడిగా వస్తే పోయండి. కొబ్బరి పొట్టులో ఉన్న మొక్కలకి ఇది మరీ ముఖ్యం, పైన ఎండి పొట్టు లేస్తూ ఉంటుంది, లోపల బాగా తడి ఉంటుంది. పోసేటప్పుడు మాత్రం కక్కుర్తి పడకూడదు. కింద రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్ళెంలోకి దిగినవి అరగంటలో పారబోయాలి. రోజూ గ్లాసుడు గ్లాసుడు పోయడం వల్ల పై మట్టి తడిసి, అడుగు వేళ్ళకి అందదు. పైగా బోరు నీళ్ళలోని ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొసలు ఎండటం, ఇవి ఆ ఉప్పు గుర్తులు. వాన పడుతున్నప్పుడు ఓపిక ఉంటే కుండీల్ని ఒక పూట బాల్కనీ అంచుకి జరపండి. ఆ ఉప్పంతా కడుక్కుపోతుంది, ఆకుల మీద కన్‌స్ట్రక్షన్ దుమ్ము కూడా పోతుంది. ఆర్‌ఓ మిషన్ పారబోసే నీళ్ళు ఇల్లు తుడవడానికి వాడుకోండి, ఇంట్లో మొక్కలకి వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

పళ్ళెంలో నీళ్ళు ఎందుకు పారబోయాలో మీకు తెలుసు, డెంగీ. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వట్టినే పారబోస్తే పళ్ళేనికి అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికుంటాయి. వారానికోసారి పీచు పెట్టి రుద్దండి. సీసాల్లో మనీ ప్లాంట్ పెట్టుకున్నవాళ్ళు కూడా వారానికోసారి నీళ్ళు మార్చి సీసా లోపల కడగాలి. చంటిపిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి ఇక్కడ, ఇది బతిమాలి చెప్తున్నాను.

కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని మనందరం నమ్ముతాం. నేనూ ఏళ్ళ తరబడి వేశాను. ఇదిగో, గిన్నెలు తోమే స్పాంజి. నీళ్ళలో ముంచి ఇలా పడుకోబెట్టి పట్టుకుంటాను. కారేదంతా కారి ఆగిపోయింది, అవునా? ఇప్పుడు నిలువుగా తిప్పుతున్నాను... చూశారా, మళ్ళీ కారింది! స్పాంజి అదే, ఎత్తు పెరిగింది. మట్టి కూడా ఇంతే, అడుగున కొంత మేర నీళ్ళని పట్టి ఉంచుకుంటుంది. దాని కింద రాళ్ళు వేస్తే ఆ తడి రాళ్ళలోకి దిగదు, తడి పొర పైకి జరుగుతుంది, వేళ్ళకి ఇంకా దగ్గరగా వస్తుంది. అంటే లోతులేని కుండీ ఎక్కువ కాలం తడిగా ఉంటుంది, ఎత్తైన కుండీ త్వరగా ఆరుతుంది. కాబట్టి రాళ్ళు వద్దు. రంధ్రం మీద మట్టి జారిపోకుండా ఒక కుండ పెంకు చాలు. అలంకారానికి కొన్న పింగాణీ కుండీకి రంధ్రం లేకపోతే, మొక్కని ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి దాన్ని అందులో దించండి, నీళ్ళు పోసే రోజు బయటికి తీసి పోయండి.

మట్టి మిశ్రమం నేను వాడేది చెప్తాను. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు, ముతక ఇసుకో, పెర్లైట్ అనే తెల్లటి తేలిక గుళికలో ఒక పాలు, గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టి రెండుసార్లు కడిగి పిండాలి, అందులో కూడా ఉప్పు ఉంటుంది. ఇల్లు కట్టే చోట దొరికే ఎం-శాండ్ వద్దు, అందులో ఉండే సన్నటి రాతిపిండి మట్టిలోని సందుల్ని పూడ్చేస్తుంది. ఎరువు సంగతి ఎక్కువ ఆలోచించకండి. రెండు నెలలకోసారి ఒక గుప్పెడు వానపాముల ఎరువు చాలు. వెలుతురు లేని చోట ఎరువు వేసి ఉపయోగం లేదు. కుండీ మార్చేటప్పుడు రెండంగుళాలు పెద్దది తీసుకోండి, అంతకు మించొద్దు. పెద్ద కుండీలో చిన్న మొక్క పెడితే వేళ్ళు అందుకోలేని మట్టంతా తడిగా కూర్చుంటుంది.

ఇప్పుడు గాలి శుద్ధి చేసే మొక్కల మాట. వాట్సాప్‌లో రోజుకొకటి వస్తోంది. దాని మొదలు 1989లో నాసా కోసం వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు. గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, కొన్ని హానికర రసాయనాలు తగ్గాయని చూశారు. ఆ ప్రయోగం తప్పు కాదు, కానీ మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపులు, కిటికీల సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశారు. మామూలుగా ఇంట్లో గాలి మారడం వల్ల జరిగే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలట. పదడుగులకి పదడుగుల గదిలో తక్కువలో తక్కువ తొంభై మొక్కలు. మంచం వేసుకోవడానికి చోటుండదు. కిటికీ తెరవండి, అది చాలు. తులసి రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందని కూడా రాస్తున్నారు. వెలుతురు లేనిదే ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు. మన తులసికి ఆ అబద్ధపు సర్టిఫికెట్ ఎందుకండీ? అమ్మ వంట బాగుంటేనే అమ్మా? తులసి తులసి కాబట్టి పెట్టుకుంటాం.

పిల్లలున్న ఇళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం. కంద తరిగితే చేతులు ఎందుకు దురద పెడతాయి? దాని లోపల సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్. అందుకే కంద, చేమ వండేటప్పుడు చింతపండు వేస్తాం. ఆ కంద, చేమల కుటుంబమే మన ఇళ్ళల్లో ఎక్కువ కనిపించే మొక్కలది. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, సింగోనియం, ఆగ్లోనీమా, జెడ్‌జెడ్, పెద్ద పెద్ద మచ్చల ఆకుల డిఫెన్‌బేకియా, అన్నీ ఒక్క ఇంటివే. ఆకు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. డిఫెన్‌బేకియాతో మరీ ఎక్కువ. ఊరికే ఆకు ముట్టుకుంటే ఏమీ కాదు, భయపడి పారేయకండి. పాకే పిల్లలకి, కుక్కకి, పిల్లికి అందని ఎత్తులో పెట్టండి. నమిలారని తెలిస్తే నోరు కడిగించి డాక్టరుకి చూపించండి.

(ప్రశ్నలకి సమయం ఇచ్చారు.)

చెప్పమ్మా. మనీ ప్లాంట్ దొంగతనంగా తెస్తేనే కలిసొస్తుందా అనా? అడిగి తెచ్చుకున్నా అంతే బాగా పెరుగుతుంది. నా దగ్గర అడగండి, నేనే కోసిస్తాను. ఎలా కోయాలో మాత్రం చూడండి. ఈ తీగ మీద ఆకు మొదలయ్యే చోట గణుపు ఉంది, గణుపుకి ఎదురుగా గోధుమరంగు బొడిపె. అదే రేపటి వేరు. ఆ గణుపుకి అరంగుళం కింద కోయాలి. గణుపు లేకుండా వట్టి ఆకు తెచ్చి సీసాలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది గానీ తీగ సాగదు. గణుపు నీళ్ళలో మునిగితే రెండు వారాల్లో వేళ్ళు వస్తాయి. రెండంగుళాలు పెరిగాక మట్టిలోకి మార్చేయండి, మరీ ఆలస్యమైతే నీళ్ళకి అలవాటు పడ్డ వేళ్ళు మట్టిలో ఇబ్బంది పడతాయి. ఆకులు చిన్నవవుతున్నాయంటే పాకడానికి ఆధారం, వెలుతురు రెండూ ఇవ్వండి. మా ఊళ్ళో కొబ్బరిచెట్టుకి పాకిన మనీ ప్లాంట్ ఆకులు అన్నం కంచం అంత ఉండేవి. ఇదే మొక్క.

ఆ వెనక అన్నగారు ఏదో అంటున్నారు. రబ్బరు మొక్కలోంచే రబ్బరు వస్తుందా? ఇప్పుడు టైర్లకి వాడే రబ్బరు బ్రెజిల్ నుంచి వచ్చిన వేరే చెట్టుది. మన కుండీల్లో ఉన్నది మర్రి, రావి కుటుంబం, మన ఈశాన్య రాష్ట్రాల అడవి చెట్టే. మేఘాలయలో వాగుల మీద బతికున్న వేళ్ళతో వంతెనలు అల్లుతారు చూశారా, అవి ఈ చెట్టు వేళ్ళే. మనుషుల్ని మోసే వేళ్ళున్న చెట్టుని మనం టీవీ పక్కన పెట్టుకున్నాం. దానికి కిటికీ పక్కన చోటివ్వండి.

మొక్క మీద తెల్లగా దూదిలా అంటుకునేది ఏమిటంటారా? అది పిండినల్లి అనే పురుగు. ఒకటి రెండు ఉన్నప్పుడే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తీసేయండి. ఎక్కువైతే లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకు కింది భాగం తడిసేలా కొట్టండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లలోంచి మళ్ళీ వస్తాయి. మట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలంటారా, అవి తడి ఎక్కువైందని చెప్పడానికి వచ్చినవే. పై మట్టి ఆరనివ్వండి, పాలు పంచదార ఉన్న టీ పిప్పి మట్టిలో వేయడం మానండి.

సరే, ఈ పీస్ లిల్లీని నాటేద్దాం, ఆ అమ్మాయిని ఇటు రమ్మనండి. నువ్వే చెయ్యి తల్లీ, నేను చెప్తాను. ఆ పాత మట్టంతా ఈ బకెట్‌లో కడిగెయ్యి. మెత్తగా ఉన్న వేళ్ళన్నీ కత్తిరించు, జాలి పడకు, తెల్లగా ఉన్న దగ్గర ఆపు. ఎన్ని మిగిలాయి? నాలుగు. చాలు. వేళ్ళు తగ్గాయి కాబట్టి ఆకులూ తగ్గాలి, పసుపుబడ్డవి, ముదురువి తీసెయ్, లోపలి చిగురు ఆకులు మూడు ఉంచు. పాత కుండీ దీనికి ఇప్పుడు పెద్దదైపోయింది, ఈ నాలుగంగుళాలది తీసుకో. మట్టి నింపు, మొదలు లోతుగా పాతకుండా, వేళ్ళు కప్పేంత వరకే. ఇప్పుడు ఒక్కసారి పొయ్యి, కింద కారేదాకా. ఇంటికెళ్ళాక దీని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వారం రోజులు వదులుగా కప్పు, రోజూ కాసేపు తీస్తూ ఉండు. మీ ఇంట్లో వంటింటి కిటికీ తూర్పుకి ఉందన్నావు కదా, దానికి రెండు అడుగుల దూరంలో, సూటిగా ఎండ తగలని చోట పెట్టు. మళ్ళీ ఎప్పుడు పోయాలో ఈ పుల్ల చెప్తుంది, ఇది నీ దగ్గరే ఉంచుకో. నెల తర్వాత ఒక ఫోటో పంపించు.

ఆ కత్తెర ఎవరిదండీ? కుళ్ళిన వేళ్ళు కోశాం, స్పిరిట్‌తో తుడిచి ఇస్తాను, ఒక్క నిమిషం ఆగండి.